గాజు పెట్టెలో గొడ్డలి

ఆదివాసీల గురించి ఎక్కడ ప్రదర్శన పెట్టినా మూడు వస్తువులు తప్పకుండా ఉంటాయి: గొడ్డలి, విల్లు, బాణం. వాటి పక్కన ఒక చీటీ ఉంటుంది. చూడవచ్చినవాళ్ళు వస్తువును ఒక్క చూపు చూసి, చీటీ చదివి ముందుకు పోతారు. ఇంటికి పట్టుకెళ్ళేది ఆ చీటీలోని మాటనే. కథ మీద, కవిత మీద, నవల మీద మనవాళ్ళు విమర్శ రాస్తున్నారు. ఆదివాసిని అమాయకుడిగానో క్రూరుడిగానో చూపించిన రచనలను నిలదీస్తున్నారు. అది అవసరమైన పని. కానీ మ్యూజియం చీటీ కూడా రచనే. దానికీ ఒక రచయిత ఉంటాడు, ఒక చూపు ఉంటుంది, చెప్పకుండా వదిలేసిన సంగతులు ఉంటాయి. మన పిల్లల్లో నవల చదివేవాళ్ళకంటే ఆ చీటీ చదివేవాళ్ళే ఎక్కువ. అందుకే పాత గొడ్డళ్ళనూ చేతి పనిముట్లనూ ఇంతవరకు ఎవరు ఎలా చదివారో చూసి, మనం ఎలా చదవాలో ఇక్కడ చెప్పదలిచాం.

చీటీలో ఉన్నదీ లేనిదీ

ఇలాంటి ప్రదర్శనల్లో మేము చూసిన చీటీలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. "గొడ్డలి. గిరిజనుల ఆయుధం. ఇనుము, కర్ర." అంతే. ఊరు ఉండదు, తెగ పేరు ఉండదు, చేసినవాళ్ళెవరో వాడినవాళ్ళెవరో ఉండదు. ఈ నాలుగు మాటలనే ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, గొడ్డలి. మన ఇళ్ళల్లో గొడ్డలి ఒక్కటే రకం కాదు. మాను పడగొట్టడానికీ దుంగ చీల్చడానికీ వాడే గండ్రగొడ్డలి వేరు. భుజానికి తగిలించుకుని అడవికి పోయే చిన్న గొడ్డలి వేరు. దూలాన్ని చెక్కి నున్నగా చేసే బాడిస అసలు గొడ్డలే కాదు. గొడ్డలి వాదర కామతో ఒకే వరసలో ఉంటుంది, బాడిస వాదర కామకు అడ్డంగా ఉంటుంది. ఈ తేడా మన గూడెంలో ఎనిమిదేళ్ళ పిల్లవాడికి తెలుసు. అయినా బాడిసకు గొడ్డలి అని, మచ్చుకత్తికి కొడవలి అని రాసిన చీటీలు మేము చూశాం. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు గొడ్డలిని టంగియా అంటారు. గోండి, కోయ, కువి, సవర మాట్లాడే ఇళ్ళల్లో ఎవరి మాట వాళ్ళకుంది. చీటీలో మాత్రం అన్నిటికీ ఒకే పేరు.

రెండోది, ఆయుధం. ఈ మాట దగ్గర ఆగాలి. 1927 నాటి భారత అటవీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం అటవీ నేరానికి వాడిన వాటిని అధికారులు పట్టుకోవచ్చు. ఆ జాబితాలో పడవలు, బండ్లు, పశువులతోపాటు ఉన్న మాట పనిముట్లు. ఆంధ్రప్రదేశ్ 1967 అటవీ చట్టంలోనూ అలాంటి ఏర్పాటే ఉంది. అంటే మన చేతిలోని గొడ్డలిని గుంజుకునే చట్టం కూడా దాన్ని పనిముట్టు అనే అంటోంది. మన సంస్కృతిని కాపాడతామని చెప్పే ప్రదర్శన దాన్ని ఆయుధం అంటోంది. ఏడాది పొడుగునా ఆ గొడ్డలి చేసే పని చూడండి. పొయ్యిలోకి కట్టెలు, ఇంటికి నిట్రాట, దడికి కర్ర, నాగలికి దుంప, పోడులో తుప్ప కొట్టడం. దారిలో ఎలుగుబంటి ఎదురైతే అదే గొడ్డలి ప్రాణం కాపాడుతుంది, నిజమే. అంతమాత్రాన అది ఆయుధమైపోదు. రైతు చేతిలో పారకు ఎవరూ ఆయుధమని చీటీ పెట్టరు. వడ్రంగి ఉలిని యుద్ధ సామగ్రి అనరు. మన చేతిలోకి వచ్చేసరికి పేరు మారిపోతోందంటే, ఆ మార్పు ఇనుములో లేదు, చూసేవాళ్ళ కళ్ళల్లో ఉంది.

మూడోది, గిరిజనుల. ఏ గిరిజనుల? వాడింది కొండరెడ్డి కావచ్చు, కోయ కావచ్చు, వాల్మీకి కావచ్చు. చేసింది ఎవరు? ఏజెన్సీలో కమ్మర తెగ ఉంది, షెడ్యూల్డు తెగల జాబితాలో కూడా ఉంది. కొలిమి దగ్గర ఒకరు తిత్తి ఊదితే ఒకరు సుత్తి వేస్తారు, ఆ ఇంటి ఆడవాళ్ళు బొగ్గు మోస్తారు. పంట వచ్చినప్పుడు గింజల రూపంలో వాళ్ళకు కూలి ముట్టేది. గొడ్డలి అంటే ఈ రెండు ఇళ్ళ మధ్య ఉన్న లెక్క. చీటీలో వాడినవాళ్ళు "గిరిజనులు"గా అయినా మిగిలారు, చేసినవాళ్ళు పూర్తిగా మాయమయ్యారు.

నాలుగోది, ఇనుము, కర్ర. కామకు ఏ కర్ర పడితే ఆ కర్ర పెట్టరు. దెబ్బ తగిలినప్పుడు ఊగి, విరగకుండా నిలబడే మాను కావాలి. చిరుమాను, తడ లాంటివి అందుకు పేరుపడ్డవి. చిరుమానుకు ఇంగ్లీషులో ఉన్న పేరుకు అర్థమే ఇరుసు కర్ర. ఏ మాను, ఏ వయసుది, ఎప్పుడు కొట్టాలి, ఎంతకాలం ఆరబెట్టాలి అన్నది ఒక చదువు. దాన్ని "కర్ర" అన్న రెండక్షరాలతో ముగించారు.

పుస్తకాల చూపు

ఈ చూపు చీటీలు రాసేవాళ్ళతో మొదలవలేదు. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథానికి పేరున్న ఎడ్గార్ థర్స్టన్ మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటు. మనుషుల తలలూ ముక్కులూ కొలిచి తెగలను వర్గీకరించవచ్చని నమ్మిన కాలం అది. మనిషినే కొలిచి అరలో పెట్టినప్పుడు ఆ మనిషి గొడ్డలికి దక్కే మర్యాద ఏపాటిది?

హైమెన్‌డార్ఫ్ అలాంటివాడు కాదు. నిజాం రాజ్యంలో తిరిగి చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజగోండుల మీద 1948లో పుస్తకాలు వేశాడు. మన ఇళ్ళల్లో కూర్చున్నాడు, తిండీ పనీ పండగా దగ్గరుండి చూశాడు, భూములు చేజారిపోవడం గురించి గట్టిగా రాశాడు. ఆ మేలు మరవం. అయితే ఆ మూడు పుస్తకాలను వరసగా చదివినవాళ్ళకు ఒక మెట్ల వరస కనబడుతుంది. కింద మెట్టున గడ్డలు తవ్వుకునే చెంచు, నడిమి మెట్టున పోడు కొట్టే కొండరెడ్డి, పై మెట్టున నాగలి పట్టిన గోండు. తరవాత వచ్చిన పాఠ్యపుస్తకాలు ఈ మెట్లను పట్టుకుని గునపం వెనుకబాటుకూ, నాగలి ప్రగతికీ గుర్తు అన్నట్టు చెబుతూ వచ్చాయి.

వస్తువును చేతిలోకి తీసుకుంటే ఈ మెట్లు నిలవవు. చెంచుల తవ్వుకోల కొసకు ఇనుప మొన ఉంటుంది. నాగలి కర్రు ఎలాంటి కొలిమిలో కాగిందో ఆ మొనా అలాంటి కొలిమిలోనే కాగింది. ఆ మొన కోసం చెంచు మనిషి తేనో కాయో తీసుకుని సంతకు పోయాడు, కమ్మరితో బేరమాడాడు. అంటే ఒంటరిగా, లోకానికి దూరంగా ఉన్నవాడు కాదు. ఇంకో సంగతి. మన ఇంట్లో గునపం, గొడ్డలి, నాగలి మూడూ ఒకే గోడకు ఆనించి ఉంటాయి. తొలకరికి నాగలి, పోడుకు గొడ్డలి, గడ్డల కాలానికి గునపం. ఒక మెట్టు దిగి ఇంకో మెట్టు ఎక్కినట్టు కాదు, కాలాన్ని బట్టి పని మారినట్టు. కొండవాలులో నాగలి దున్నితే మన్ను కొట్టుకుపోతుందని తెలిసి గునపం పట్టిన మనిషిని వెనుకబడ్డవాడు అనడం చదువు తక్కువ మాట.

ఈ విషయంలో వెరియర్ ఎల్విన్ 1942లో అగారియాల మీద రాసిన పుస్తకం మనకు ఎక్కువ పనికొస్తుంది. మధ్య భారతంలో రాయి నుంచి ఇనుము తీసిన ఆదివాసీలు అగారియాలు. మట్టి కొలిమి, కాళ్ళతో తొక్కే తిత్తులు, అడవి బొగ్గు. కొలిమిలో ఉండే లోహాసురుడు వాళ్ళ దేవుడు. ఎల్విన్ పనిముట్టును అల్మారాలో పెట్టి చూడలేదు, కొలిమి దగ్గర నిలబడి చూశాడు. కొలిమిల మీద పన్ను, అడవి మీద ఆంక్షలు, బజారులో దొరికే చవక ఇనుము కలిసి ఆ పనిని ఎలా దెబ్బతీశాయో అందులో కనిపిస్తుంది. అందుకే పాత గొడ్డలిని చూసినప్పుడు "ఎంత పాతది" అని అడిగి ఆగకూడదు. "దీన్ని చేసిన కొలిమి ఎందుకు ఆరిపోయింది" అని కూడా అడగాలి.

ఆస్ట్రేలియా నుంచి ఒక పాఠం

లారిస్టన్ షార్ప్ అనే మానవశాస్త్రజ్ఞుడు 1952లో ఒక వ్యాసం రాశాడు. ఆస్ట్రేలియా ఉత్తరాన కేప్ యార్క్ ద్వీపకల్పంలోని ఇర్ యొరొంట్ అనే ఆదివాసీలలో రాతి గొడ్డలి పోయి ఉక్కు గొడ్డలి వచ్చినప్పుడు ఏమైందన్నది అందులోని విషయం. రాతి గొడ్డలి పెద్ద మగవాళ్ళది. ఆడవాళ్ళూ పిల్లలూ రోజూ వాడేవాళ్ళు, కానీ అడిగి తీసుకోవాలి. రాయి దొరికేది వందల మైళ్ళ దక్షిణాన, చేతులు మారి మారి వచ్చేది. మిషనరీలు ఉక్కు గొడ్డళ్ళను ఆడవాళ్ళకూ కుర్రవాళ్ళకూ కూడా పంచారు. అప్పుడు పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ దగ్గర గొడ్డలి అడగాల్సి వచ్చింది. వరసలు తారుమారయ్యాయి.

గొడ్డలి అంటే మనుషుల మధ్య సంబంధమని ఈ వ్యాసం చక్కగా చూపింది. అయితే దీన్ని చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. కొత్త పనిముట్టు వస్తే ఆదివాసీ సమాజం కూలిపోతుందన్న అర్థం తీసుకునేవాళ్ళున్నారు. మన దగ్గర అలా జరగలేదు. లారీ కమాను పట్టీ వచ్చింది, మన కమ్మరి దాన్ని గొడ్డలి చేశాడు. కొత్త ఇనుము వచ్చినా పాత రూపం నిలిచింది. ఇంకోటి కూడా గమనించాలి. గొడ్డలి ఎవరిది, అడిగేది ఎవరు అన్న ప్రశ్న మన ఇళ్ళల్లోనూ ఉంది. మన ప్రదర్శనల్లో మగవాళ్ళ గొడ్డలికి గాజు పెట్టె దొరుకుతుంది. ఆడవాళ్ళు గడ్డలు తవ్వే గునపం, కలుపు తీసే బొరిగె, కోత కోసే లిక్కి కొడవలి ఒక మూల కుప్పగా ఉంటాయి. ఇంటి తిండిలో ఎక్కువ భాగం తెచ్చింది ఆ కుప్పే. ఈ తప్పును బయటివాళ్ళ మీదికి నెట్టలేం, మనం పెట్టే ప్రదర్శనల్లోనూ ఇదే జరుగుతోంది.

సేకరించేవాళ్ళ చూపు

పాత గొడ్డలి తలకాయలు సేకరించడం అమెరికాలో, యూరప్‌లో చాలామందికి సరదా. అక్కడ గుర్తుపట్టడం కొంత సులువు. 1826లో కనెక్టికట్‌లో మొదలైన కాలిన్స్ లాంటి కంపెనీలు తమ గొడ్డళ్ళ మీద ముద్ర వేసేవి. గొడ్డలి రూపాలకు మిషిగన్, కనెక్టికట్, జెర్సీ అంటూ ఊళ్ళ, రాష్ట్రాల పేర్లున్నాయి. ముద్ర చూసి కంపెనీ, రూపం చూసి ప్రాంతం చెబుతారు. వాళ్ళ దగ్గర నేర్చుకోదగ్గ మంచి అలవాట్లు ఉన్నాయి. తుప్పు గీకి మెరుగు పెట్టరు, వాదరను మిషను మీద అరగదీయరు. పాత మచ్చను చెరిపేస్తే సాక్ష్యం పోతుందని వాళ్ళకు తెలుసు.

కానీ ఆ పద్ధతిని ఇక్కడ అలాగే దించితే మన గొడ్డలి "పేరులేనిది" అయిపోతుంది, ఎందుకంటే మన కమ్మరి ముద్ర వేయడు. ఊళ్ళో అందరికీ తన చెయ్యి తెలుసు, ఇక ముద్ర ఎందుకు? మనవైపు ముద్ర కనిపించేది కంపెనీ సరుకు మీదే. టాటా అగ్రికో పార, గునపం లాంటివి అందరూ చూసినవే. ముద్ర లేకపోవడం చేతకానితనం కాదు, అది ముఖం తెలిసిన వ్యాపారం.

ఇటీవల పట్నం నుంచి మనుషులు వచ్చి పాత పనిముట్లు తూకానికి కొనుక్కుపోతున్నారు. రిసార్టు గోడలకూ హోటల్ వరండాలకూ అవి అలంకారం. ఇంటివాళ్ళకు అందేది పాత ఇనుము ధర. ఇనుముతో పాటు ఊరు పేరు, చేసినవాళ్ళ పేరు కూడా ఆ బండిలోనే వెళ్ళిపోతాయి. ఒకసారి ఊరు దాటిన గొడ్డలికి మళ్ళీ ఊరు కలపడం ఎవరి తరమూ కాదు.

మనం ఎలా చదవాలి

ముద్ర లేకపోయినా గొడ్డలి మాట్లాడుతుంది. మొదట కామ పట్టే చోటు చూడాలి. కొన్నిటికి తలలో బెజ్జం ఉంటుంది, కామ అందులోంచి దూరుతుంది. కొన్నిటికి తల వెనకభాగం సన్నగా ఉండి కామలోకే దిగుతుంది. ఇవి రెండు వేరువేరు పనితనాలు. ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న విదర్భలో, మాహుర్‌ఝరి లాంటి చోట్ల, బృహత్ శిలా సమాధుల్లో బెజ్జం లేని బల్లపరుపు ఇనుప గొడ్డళ్ళు దొరికాయి. వాటిని కామకు బిగించడానికి ఇనుప పట్టీలు అడ్డదిడ్డంగా చుట్టి ఉన్నాయి. క్రీస్తుకు ముందటి కాలం అది. కామను బిగించే ఉపాయాలకు అంత చరిత్ర ఉంది.

తరవాత అతుకు చూడాలి. ఇనుప పట్టీని వంచి, రెండు కొసలూ కాల్చి కలిపితే బెజ్జం వస్తుంది. ఆ కలిపిన గీత చాలా పాత గొడ్డళ్ళలో పక్కనుంచి కనిపిస్తుంది. మెత్తని ఇనుము మధ్య వాదర దగ్గర ఉక్కు ముక్క పెట్టి అతికించి ఉంటే అక్కడ రంగు తేడాగా ఉంటుంది. మనవాళ్ళు ఉక్కు వేయించడం అనేది దీన్నే. మెత్తని ఇనుము దెబ్బను ఓర్చుకుంటుంది, ఉక్కు పదును నిలుపుతుంది.

మూడోది తుప్పు. మట్టి కొలిమిలో రాయి నుంచి తీసిన ఇనుములో చిట్టెం చారలు మిగిలి ఉంటాయి. అందువల్ల తుప్పు పట్టినప్పుడు కర్రలో నారలాగా పొరలు పొరలుగా లేస్తుంది. ఈ కాలపు ఉక్కు అలా లేవదు, గుంటలు గుంటలుగా తింటుంది. అంతటా ఒకే మందం, కొద్దిపాటి వంపు ఉంటే కమాను పట్టీతో చేసిందేమో చూడాలి. నారగా లేచినంత మాత్రాన వందల ఏళ్ళదని తేల్చకూడదు, అలాంటి ఇనుము ఇంకో దారిన కూడా వచ్చి ఉండొచ్చు. ఊరి పక్కన చిట్టెం కుప్పలు ఉన్నాయా అన్నది కూడా చూసి రాసుకోవాలి. నిర్మల్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కును కొనడానికి పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్ళని చరిత్ర చెబుతోంది. ఆ చరిత్రలో కత్తి గురించి చెప్పినంతగా గొడ్డలి గురించి చెప్పలేదు. చెప్పాల్సింది మనమే.

నాలుగోది అరుగుదల. వాదర ఒక మూల ఎక్కువ అరిగి ఉంటే పట్టిన చెయ్యి తీరు తెలుస్తుంది. తల వెనకభాగం పుట్టగొడుగులా విచ్చుకుంటే దాన్ని సుత్తిలా కూడా వాడారని అర్థం. వాదర బాగా పొట్టిదైపోయి ఉంటే చాలా ఏళ్ళు నూరారని అర్థం.

ఇవన్నీ చూశాక చివరిదీ అన్నిటికంటే ముఖ్యమైనదీ, ఇంటివాళ్ళను అడగడం. టీచర్లు ఒక నోటు పుస్తకం పెట్టి ఈ సంగతులు రాయించవచ్చు: ఆ ఇంటి భాషలో పేరు, ఆ నోట విన్నట్టే, ఊరు, చేసిన కమ్మరి, వాడినవాళ్ళు, ఆడో మగో, ఏ పనికి, ఏ కాలంలో, కామ ఏ మానుది, ఎన్నిసార్లు కామ మార్చారు, ఎప్పుడు ఉక్కు వేయించారు, ఇప్పుడు ఎవరిది. వస్తువును తేవాల్సిన అవసరమే లేదు. పొడవు, వెడల్పు కొలిచి, కాగితం మీద పెట్టి చుట్టూ గీత గీసుకుంటే చాలు. గొడ్డలి ఇంట్లోనే ఉంటుంది, చదువు బడిలోకి వస్తుంది.

ముట్టకూడనివి కూడా ఉన్నాయి. గోండుల పెర్సాపేన్‌కు గుర్తు ఇనుప బల్లెం మొన, చామరం. బయటివాడి కంటికి అది పాత ఆయుధం, మంచి ధర పలికే వస్తువు. ఆ గోత్రం వాళ్ళకు అది దేవుడు. దాన్ని కొలవడం, గీయడం, బడికి తెమ్మనడం మన పని కాదు. గోత్రం పెద్దలు చెప్పినంతవరకే వినాలి, వద్దన్నచోట ఆగాలి. అలాగే భూమిలో దొరికిన రాతి గొడ్డలి, ఇనుప ముక్క విషయంలో చట్టాలు ఉన్నాయి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది, లైసెన్సు లేకుండా దాని వ్యాపారం చేయకూడదు. ఈ సంగతి తూకానికి కొనేవాళ్ళకు చెప్పే ధైర్యం మన కుర్రవాళ్ళకు రావాలి.

మ్యూజియాలు వద్దని మేము అనడం లేదు. గొడ్డలి పక్కన కమ్మరి పేరు, కామ మాను పేరు, ఇంటి భాషలోని పేరు రాసిపెట్టిన మ్యూజియం ఉంటే పిల్లలను అక్కడికి మేమే తీసుకుపోతాం. ఆ చీటీలు రాయగలిగినవాళ్ళు మన గూడేల్లోనే ఉన్నారు. వాళ్ళల్లో చాలామంది పెద్దవయసువాళ్ళు, ఆలస్యం చేస్తే వాళ్ళతోపాటే పేర్లూ పోతాయి. ఈ ఆగస్టు 9న మీ బడిలో ఆదివాసీ దినోత్సవానికి పనిముట్ల బల్ల పెడితే, "ఆయుధాలు" అన్న మాట కొట్టేసి "పనిముట్లు" అని రాయండి. చీటీలు పిల్లలతో రాయించండి, వాళ్ళ అవ్వనో తాతనో అడిగి. సాయంత్రానికి ఏ ఇంటి గొడ్డలి ఆ ఇంటికి చేర్చండి. తెల్లవారితే దానితో పని ఉంటుంది.